హైతీ పేదరికానికి 1825 నాటి "పరిహారం" కారణమా, సొంత పాలకులు కారణమా?

పాత అట్లాసు:

మొన్న వేరే చర్చలో ఒకరు ఇలా రాశారు: "హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఒకే దీవి మీద ఉన్నాయి. ఒకటి బాగుపడింది, ఇంకోటి పాడైంది. కాబట్టి తప్పు హైతీవాళ్లదే." అక్కడ జవాబు రాస్తే విషయం పక్కదారి పడుతుందని ఊరుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే విడిగా మొదలుపెడుతున్నాను.

ముందు దీవి సంగతి. క్యూబాకి తూర్పున హిస్పానియోలా ఉంది. అందులో పడమటి మూడో వంతు హైతీ, మిగతాది డొమినికన్ రిపబ్లిక్. హైతీ విస్తీర్ణం 27,750 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో నాలుగో వంతు. పటంలో చూస్తే పడమటికి నోరు తెరిచిన మొసలిలా ఉంటుంది. రెండు దవడలూ రెండు ద్వీపకల్పాలు, నోట్లో గొనావ్ అనే చిన్న దీవి. నేలంతా కొండలే. అక్కడి తొలి జనం టైనోల భాషలో "అయితి" అంటే కొండల నేల అని అర్థం. "డెయే మోన్ గెన్ మోన్", కొండల వెనక కొండలు, అని వాళ్ల సామెత.

1697లో స్పెయిన్ ఈ పడమటి భాగాన్ని ఫ్రాన్సుకు వదిలేసింది. ఫ్రెంచివాళ్లు సాన్‌డొమాంగ్ అని పేరు పెట్టి ఆఫ్రికా నుంచి బానిసలను ఓడల్లో తెచ్చి దించారు. 1780ల నాటికి యూరప్ తాగే కాఫీలో సగానికి పైగా, పంచదారలో సుమారు 40 శాతం ఇక్కడి నుంచే వెళ్లేది. అందుకోసం దాదాపు 5 లక్షల మంది బానిసలు చాకిరీ చేశారు. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు టూసాన్ లువర్త్యూర్‌ని నమ్మించి పట్టుకుపోయి ఫ్రాన్సు కొండల్లో ఒక కోటలో పెట్టారు, 1803లో అక్కడే చలికి, జబ్బుకి పోయాడు. అయినా ఆ ఏడాది నవంబరులో వెర్తియేర్ దగ్గర నెపోలియన్ సైన్యం ఓడింది. 1804 జనవరి 1న గొనాయివ్ పట్నంలో తిరుగుబాటు సేనాని డెసాలిన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. బానిసలు తిరగబడి, గెలిచి, దేశం కట్టుకున్నది చరిత్రలో ఇదొక్కసారే.

ఇక అసలు విషయం. 1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ ఒక ఫర్మానా పంపాడు. 15 కోట్ల ఫ్రాంకులు ఐదు వాయిదాల్లో కట్టండి, మా ఓడల సరుకు మీద సుంకం సగం చేయండి, అప్పుడు మీ స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంటాం అన్నాడు. ఆ కాగితం వెనకే 14 యుద్ధనౌకలు, 500కు పైగా ఫిరంగులు వచ్చాయి. డబ్బు ఎవరికి? తోటలూ బానిసలూ పోగొట్టుకున్న దొరలకి. అంటే ఆ జనం తమ ఒంటిని తామే కొనుక్కున్నారు, ఒకసారి రక్తం పోసి, రెండోసారి రొక్కం పోసి.

మొదటి వాయిదా 3 కోట్లు. అది ఆ ఏటి ప్రభుత్వ ఆదాయానికి దాదాపు ఆరు రెట్లు. చేతిలో లేదు గనక పారిస్ బ్యాంకర్ల దగ్గరే అప్పు చేయించారు. 3 కోట్లకు పత్రం రాయించుకుని చేతికిచ్చింది 2 కోట్ల 40 లక్షలు. మన ఊళ్లలో వడ్డీ వ్యాపారి పదివేలకు నోటు రాయించుకుని, ముందే కోసుకుని ఎనిమిదివేలు చేతిలో పెడతాడు చూడండి, సరిగ్గా అదే నిష్పత్తి. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. కానీ అప్పు తీర్చడానికి అప్పు, దాని మీద మరో అప్పు, ఇలా ఆ తోక 1947 దాకా సాగింది.

నా ఉద్దేశంలో హైతీ నడుం విరిగింది అక్కడే. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:

అట్లాసు గారూ, మీరు రాసిన వాటిలో ఒక్క అంకె కూడా నేను కాదనను. అది దోపిడీయే. కానీ ఒక దోపిడీ జరిగిందనడం వేరు, ఇవాళ్టి పేదరికానికి అదే కారణమనడం వేరు. రెండోదానికి లెక్క కుదరాలి. నాకు కుదరడం లేదు.

అప్పు 1947లో తీరింది. 1960లో హైతీ, డొమినికన్ రిపబ్లిక్ తలసరి ఆదాయాలు దాదాపు సమానం. 2005 వచ్చేసరికి వాళ్లది మూడు రెట్లయింది, హైతీది సగానికి పడిపోయింది. 1825 పరిహారమే నడుం విరగ్గొడితే, ఆ తేడా 1960 నాటికే కనిపించాలి కదా? అప్పు తీరిన పదమూడేళ్లకు సమానంగా ఉన్నవాళ్లు ఆ తర్వాతే ఎందుకు విడిపోయారు?

1957లో ఫ్రాన్స్వా దువాలియే వచ్చాడు. "పాపా డాక్" అంటారు, చదివింది వైద్యం. తొంతొన్ మకూత్ అనే ప్రైవేటు దళాన్ని పెట్టుకుని దేశాన్ని వణికించాడు. 1964లో జీవితకాల అధ్యక్షుణ్ణని ప్రకటించుకున్నాడు. 1971లో ఆయన చనిపోతే 19 ఏళ్ల కొడుకు కుర్చీ ఎక్కాడు. 1986 ఫిబ్రవరి 7న పారిపోయేలోపు ఆ కొడుకు ఎంత మింగాడన్నదానికి అవినీతి మీద నిఘా పెట్టే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ 2004లో వేసిన అంచనా 30 నుంచి 80 కోట్ల డాలర్లు. దీనికి పదో చార్లెస్‌ని ఎలా బాధ్యుణ్ణి చేస్తాం?

ఇంకొకటి. పరిహారం మాట మొదట ఎత్తింది ఫ్రాన్సు కాదు. 1814లోనే దక్షిణ హైతీ అధ్యక్షుడు పెతియోన్ ఫ్రెంచి దూతతో, గుర్తింపు ఇస్తే డబ్బు ఇస్తామన్నాడు. ఉత్తరాన రాజుగా ఉన్న క్రిస్టఫ్ మాత్రం పైసా ఇవ్వనన్నాడు. అంటే అప్పుడు కూడా రెండో దారి ఉంది. పాలకులు ఎంచుకున్నారు.

చార్లెస్ ఒడ్డు:

నేను బాస్టన్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. ఈ ఊళ్లో హైతీవాళ్లు చాలామంది ఉన్నారు. మా ఫ్లోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్లలో సగం మంది వాళ్లే. చరిత్ర మీకు తెలిసినంత నాకు తెలియదు, చూసింది చెప్తాను.

ఒక జనవరి 1న నాకు డ్యూటీ పడింది. కొలీగ్ ఒకామె స్టీలు డబ్బాలో సూప్ తెచ్చింది. గుమ్మడికాయ ఉడికించి మెత్తగా రుబ్బి, అందులో గొడ్డుమాంసం, క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, కాస్త పాస్తా వేశారు. నేను మాంసం తినను, ఆమెకు తెలుసు, అందుకని నాకోసం విడిగా ఒక చిన్న గిన్నెలో కూరగాయలతో చేసింది. పైన ఒక గుండ్రటి పచ్చ మిరపకాయ తేలుతోంది, తొడిమతో సహా. అది చిట్లకుండా ఉడకాలట, వాసన దిగాలి గానీ కారం దిగకూడదట. చిట్లిందంటే ఇంక ఎవరూ తినలేరు.

దాని పేరు సూప్ జుమూ. బానిసలుగా ఉన్నప్పుడు దొరల కోసం అది వండేవాళ్లట, కానీ ముట్టుకోనిచ్చేవాళ్లు కాదట. అందుకే స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఇంటింటా అదే వండుతారు. 2021లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. నేను తింటుంటే ఆమె నా ముఖమే చూస్తూ నిలబడింది. మన ఇంటికొచ్చినవాళ్లకి ఉగాది పచ్చడి పెట్టి మనం చూస్తాం, అలాగే.

మాస్టారూ, మీరు పాలకుల ఎంపిక అన్నారు. ఆ సూప్ తాగేవాళ్లు ఎంచుకున్నారా? కాఫీ గింజలు ఎండబెట్టి తలమీద మోసుకొచ్చి పన్ను కట్టిందీ వాళ్లే, దువాలియే మనుషుల చేతిలో తన్నులు తిన్నదీ వాళ్లే. ఆమె వాళ్ల నాన్న స్కూల్ టీచరు, దువాలియే కాలంలోనే మాంట్రియల్ పారిపోయాడు. డాక్టర్లూ టీచర్లూ వేలమంది కెనడాకీ, కాంగోకీ వెళ్లిపోయారట అప్పట్లో. ఇప్పుడు ఈమె నెలనెలా అమ్మమ్మకి డబ్బు పంపుతుంది. ఆ దేశ ఆదాయంలో ఐదో వంతు దాకా ఇలా బయటున్నవాళ్లు పంపేదేనని చదివాను.

నల్లరేగడి:

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. 1804లో గెలిచాక డెసాలిన్ దేశంలో మిగిలిన ఫ్రెంచివాళ్లను ఆడవాళ్లతో, పిల్లలతో సహా చంపించాడు. దాని సంగతేంటి? ఆ తర్వాత ప్రపంచం వాళ్లను వెలివేసిందంటే ఆశ్చర్యం ఏముంది?

పాత అట్లాసు:

నల్లరేగడి గారూ, అడగాల్సిందే. అది జరిగింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊరూరా చంపారు. మూడు నుంచి ఐదు వేల మంది అని అంచనా. పిల్లల్ని చంపడాన్ని నేను ఏ కారణంతోనూ సమర్థించను. అయితే అంతకుముందు ఏడాది ఫ్రెంచి సేనాని రోషాంబో క్యూబా నుంచి వేటకుక్కలు తెప్పించి నల్లవాళ్ల మీదికి వదిలాడు, ఓడల్లోంచి సముద్రంలో ముంచి చంపించాడు. ఇదీ జరిగింది. ఇంకో సంగతి కూడా గమనించండి. నెపోలియన్ పంపిన పోలండు సైనికుల్లో కొందరు బానిసల పక్షానికి వచ్చేశారు. వాళ్లను చంపలేదు సరికదా, 1805 రాజ్యాంగంలో పౌరసత్వం ఇచ్చారు. ఆ రాజ్యాంగం ప్రకారం దేశంలో ఎవరైనా, ఏ రంగు వాళ్లైనా, "నల్లవాళ్లు" అనే పిలవాలి.

వెలివేత ఆ చంపుడు వల్లే అనడం మాత్రం సరికాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల భయం వేరు: బానిసలు గెలవగలరన్న వార్త తమ తోటల్లోకి రాకూడదు. అందుకే దక్షిణ రాష్ట్రాలు విడిపోయి యుద్ధానికి దిగాకే, 1862లో, అమెరికా హైతీని గుర్తించింది. తేదీ చూస్తేనే విషయం అర్థమవుతుంది.

మాస్టారూ, పెతియోన్ సంగతి మీరన్నది నిజం. దానికి జవాబు వెతుకుతుంటేనే నాకు అసలు చిక్కు ఎక్కడుందో కనిపించింది. 15 కోట్లా 9 కోట్లా అన్నదానికంటే, ఆ డబ్బు వసూలు చేయడానికి ఎలాంటి ప్రభుత్వం తయారైందన్నది ముఖ్యం.

1826లో అధ్యక్షుడు బోయె ఒక గ్రామీణ చట్టం తెచ్చాడు. రైతు తోటను వదిలి అనుమతి లేకుండా వెళ్లకూడదు, తిరుగుతూ కనిపిస్తే పట్టుకుంటారు. బానిసత్వం పోయిన ఇరవై ఏళ్లకు మళ్లీ అలాంటి చట్టమే! జనం ఏం చేశారు? కొండలెక్కేశారు. నిటారు వాలుల్లో చిన్న చిన్న మళ్లు చేసుకుని, కాస్త మొక్కజొన్న, కాస్త చిలగడదుంప, అమ్మకానికి కాఫీ పండించారు. ప్రభుత్వం వాళ్ల వెనక కొండెక్కలేదు. ఎక్కే పని కూడా లేదు, ఎందుకంటే కాఫీ ఎలాగైనా రేవుకే దిగాలి. రేవులో గుమాస్తాను కూర్చోబెట్టి సుంకం వసూలు చేస్తే చాలు. ఇంక కొండమీది ఊరికి రోడ్డెందుకు, బడెందుకు? ఆ రాజ్యానికి రైతుతో ఉన్న సంబంధమంతా ఆ తూకం కాటా దగ్గరే.

1880లో "హైతీ జాతీయ బ్యాంకు" అని పెట్టారు. పేరే జాతీయం, యజమానులు పారిస్‌లో ఉన్న సీఐసీ అనే బ్యాంకువాళ్లు. ఈఫిల్ టవర్‌కి పెట్టుబడి పెట్టిన బ్యాంకు అదే. ప్రభుత్వం తన సొంత డబ్బు వేసినా తీసినా కమిషన్ కట్టాలి. 1911లో కాఫీ సుంకంగా వచ్చిన ప్రతి 3 డాలర్లలో 2 డాలర్ల 53 సెంట్లు ఫ్రెంచి మదుపుదార్ల అప్పుకే పోయాయి. మిగిలిన 47 సెంట్లతో దేశం నడపాలి.

దువాలియే ఆకాశంలోంచి ఊడిపడలేదు మాస్టారూ. వసూలు తప్ప వేరే పని తెలియని రాజ్యం ఒకటి అప్పటికే తయారుగా ఉంది, దాని మీద వచ్చి కూర్చున్నాడు.

లెక్కల మాస్టారు:

ఇది మంచి వాదన. మొదటి పోస్టు కంటే చాలా బలంగా ఉంది. కానీ పక్కదేశాన్ని పక్కన పెట్టి చూస్తే కుదరదు.

డొమినికన్ రిపబ్లిక్ కూడా అప్పుల్లో మునిగింది. 1905లో అమెరికా వాళ్ల కస్టమ్స్ మొత్తం చేతిలోకి తీసుకుంది. హైతీలో అమెరికా సైన్యం 1915 నుంచి 1934 దాకా ఉంటే, అక్కడ 1916 నుంచి 1924 దాకా ఉంది. హైతీకి దువాలియేలు 29 ఏళ్లయితే, వాళ్లకు త్రుహియో 31 ఏళ్లు. అతను కూడా దేశాన్ని సొంత ఎస్టేట్‌లా వాడుకున్నవాడే. అంటే విదేశీ అప్పు, విదేశీ సైన్యం, నియంత, ఈ మూడూ రెండువైపులా ఉన్నాయి. ఫలితం మాత్రం వేరు.

తేడా కొంత నేల పెట్టింది. అక్కడ వానగాలులు ఈశాన్యం నుంచి వస్తాయి. డొమినికన్ వైపు కొండలు ఎత్తైనవి, మేఘాలు అక్కడే కురిసేసి పడమటికి తేలికై వస్తాయి. మన పశ్చిమ కనుమలు దాటాక రాయలసీమకి ఏం మిగులుతుందో మనకు తెలుసు కదా, అలాంటిదే. పైగా వాళ్ల నేల హైతీకి ఒకటిన్నర రెట్ల పైన ఉంది, పాతకాలంలో జనమూ బాగా తక్కువ. హైతీలో ఇరుకు నేల మీద ఎక్కువమంది.

ఇంకొంత విధానం పెట్టింది. త్రుహియో తర్వాత వచ్చిన బాలగేర్ మంచివాడేం కాదు, కానీ అడవి నరికేవాళ్ల మీదికి సైన్యాన్ని పంపాడు, వంటకి గ్యాసు చవకగా ఇప్పించాడు. హైతీలో ఇప్పటికీ వంట ఎక్కువగా కట్టెల మీద, బొగ్గుల మీదే. 2004లో జీన్ తుపాను వస్తే గొనాయివ్ చుట్టుపక్కల బోడికొండల మీంచి నీళ్లూ బురదా దిగి దాదాపు 3,000 మంది పోయారు. సరిహద్దు అవతల చనిపోయినవాళ్ల సంఖ్య పదుల్లోనే. ఒకే తుపాను, ఒకే దీవి. గ్యాసు బండ ఇవ్వకపోవడానికి కూడా 1825 కారణమా?

కోనసీమ కొబ్బరాకు:

మాస్టారూ, నేను వ్యవసాయం చేసుకునేవాణ్ణి. చరిత్రలో మీతో పోటీ పడలేను గానీ వడ్ల సంగతి మాత్రం నేను చెప్తాను, ఎందుకంటే హైతీ గురించి నేను చదవడం మొదలుపెట్టిందే దానివల్ల.

ఆ కొండల దేశంలో ఒక పెద్ద పల్లపు నేల ఉంది, ఆర్తిబొనీత్ లోయ. ఆ పేరున్న నదే దానికి ప్రాణం. కాలవల కింద వరి పండుతుంది. పైన పెలీగ్ర్ అని ఒక ఆనకట్ట, 1950ల్లో అమెరికా అప్పుతో కట్టారు. కొండలు బోడులు కావడంతో రిజర్వాయరు ఒండ్రుతో పూడుకుపోతోంది. అది కడితే మునిగిపోయిన రైతులు పైకి, ఇంకా నిటారు వాలుల మీదికి పోయారు. ఏ నేల కొట్టుకొచ్చి రిజర్వాయరు పూడుతోందో ఆ నేల దున్నుతున్నది కొంతవరకు ఆ ముంపు రైతులే. ఇది చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

1980ల దాకా ఆ దేశం తినే బియ్యంలో చాలా భాగం సొంతంగానే పండించుకునేది. 1991లో సైన్యం దించేసిన అధ్యక్షుడు అరిస్టీడ్‌ని 1994లో అమెరికా మళ్లీ తెచ్చి కూర్చోబెట్టింది. దాంతోపాటే ఐఎంఎఫ్ షరతులు వచ్చాయి. 1995లో బియ్యం దిగుమతి సుంకం 3 శాతానికి దించేశారు. అమెరికాలో సబ్సిడీ మీద పండిన బియ్యం ఓడల్లో వచ్చి పడింది. వాళ్లు దాన్ని "మయామి బియ్యం" అంటారు. ఆర్తిబొనీత్ రైతు ఆ ధరకి అమ్మలేడు. చేలు వదిలేసి రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్ వెళ్లి మురికివాడల్లో చేరారు. 2010 భూకంపంలో ఆ ఇరుకు సిమెంటు గూళ్లే మీద పడ్డాయి.

ఆ ఏడాదే బిల్ క్లింటన్ సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు, ఆ విధానం అర్కన్సాలో తన రైతులకి లాభించింది గానీ హైతీకి మేలు చేయలేదు, అది తప్పు అని. ఒప్పుకుంటే కాలవలో నీళ్లొస్తాయా?

1980ల్లో పందులకి జబ్బొచ్చిందని అమెరికా ఒత్తిడి మీద దేశంలోని నాటు పందులన్నింటినీ చంపించారు. పేదవాడికి అది బ్యాంకు ఖాతా. పిల్లాడి ఫీజుకో, చావుకో పెళ్లికో అమ్ముకునేవాళ్లు. మన దగ్గర గేదె ఎలాగో అలాగ. బదులుగా ఇచ్చిన విదేశీ పందులకి సిమెంటు కొట్టం, కొన్న దాణా కావాలి. ఎవరు పెట్టగలరు?

కాబట్టి 1825 ఒక్కటే అనను, దువాలియే ఒక్కడే అనను. మాస్టారు 1960 తర్వాతే తేడా వచ్చిందన్నారు కదా. ఆ 1960 తర్వాత కూడా బయటివాళ్ల చెయ్యి ఆగలేదు అంటున్నాను.

చార్లెస్ ఒడ్డు:

కొబ్బరాకు తమ్ముడూ, పందుల సంగతి మా కొలీగ్ కూడా చెప్పింది. వాళ్ల అమ్మమ్మ పందికి పేరు కూడా పెట్టుకుందట.

మాస్టారు సరిహద్దు మాట ఎత్తారు కాబట్టి ఒకటి. 1937 అక్టోబరులో త్రుహియో తన వైపున్న హైతీ కూలీలను చంపించాడు. వేలమంది, ఇన్నివేలని ఇప్పటికీ తేలలేదు. నల్లగా ఉన్నవాళ్లలో ఎవరు హైతీవాళ్లో ఎలా పోల్చారట? సైనికుడు ఒక ఆకు రెబ్బ పట్టుకుని ఇదేమిటి అని అడిగేవాడట. పార్స్‌లీ అది, చూడ్డానికి మన కొత్తిమీరలా ఉంటుంది. స్పానిష్‌లో "పెరెహిల్". హైతీ జనం భాష క్రెయోల్. అది మాట్లాడేవాళ్ల నాలుక ఆ "ర" దగ్గర తిరగదు. మాట సరిగ్గా పలకకపోతే కత్తే. తర్వాత హైతీ ప్రభుత్వానికి ఏడున్నర లక్షల డాలర్లు ఇస్తామని ఒప్పుకుని, చివరికి దాన్ని 5 లక్షల 25 వేలకి దించారు. అదైనా చనిపోయినవాళ్ల ఇళ్లకి చేరింది చాలా తక్కువ.

సూపర్ మార్కెట్‌లో కొత్తిమీర తీసుకునేటప్పుడు పక్కనే పార్స్‌లీ కట్ట కనిపిస్తుంది. ఇది తెలిశాక ఆ వైపు చూడలేకపోతున్నాను.

నల్లరేగడి:

అక్కా, ఇది నాకు తెలియదు. చదివి చాలాసేపు కూర్చుండిపోయాను.

నా ప్రశ్న మాత్రం ఇంకా ఉంది. సరే, ఫ్రాన్సు తప్పు చేసింది, తిరిగి ఇవ్వాలనుకుందాం. ఎవరి చేతికి ఇవ్వాలి? 2021 జూలైలో అధ్యక్షుడు మొయీజ్‌ని పడకగదిలోనే కాల్చేశారు. 2023 జనవరిలో చివరి సెనేటర్ల గడువు కూడా అయిపోయింది, దేశంలో ప్రజలు ఎన్నుకున్నవాడు ఒక్కడూ లేకుండా పోయాడు. రాజధానిలో చాలా భాగం ముఠాల చేతిలో ఉంది. ఇస్తే ఆ డబ్బు తుపాకులే కొంటుంది.

పాత అట్లాసు:

ఎవరికి ఇవ్వాలన్నది కష్టమైన ప్రశ్నే. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని, ఇవ్వాలా వద్దా అన్నదాన్నే రెండు వందల ఏళ్లు దాటేశారు. బాకీ ఉన్నవాడు, "మీ ఇంట్లో గొడవలున్నాయి కదా, నీకిస్తే ఏం చేస్తావో" అని ఎగ్గొడితే మనం ఒప్పుకుంటామా?

2003లో అరిస్టీడ్ సెంట్లతో సహా లెక్కకట్టి 2,168 కోట్ల డాలర్లకు పైగా ఫ్రాన్సును అడిగాడు. 2004 ఫిబ్రవరి 29న ఆయన్ని పదవి నుంచి దించి విమానం ఎక్కించారు, అందులో అమెరికా, ఫ్రాన్సు రెండింటి చెయ్యీ ఉంది. ఆయన హయాంలో తప్పులు చాలా ఉన్నాయి, అడిగినందుకే దించారని నేను అనను. కానీ ఆయన తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం మొదట వదిలేసిన వాటిలో ఆ డిమాండు ఒకటి. 2022లో న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు పాత రసీదులు కూడితే కట్టినది 11 కోట్ల 20 లక్షల ఫ్రాంకులని తేలింది, ఇప్పటి విలువలో 56 కోట్ల డాలర్లు. ఆ డబ్బు దేశంలోనే తిరిగి ఉంటే ఎంత పెరిగేదన్న అంచనా 2,100 కోట్ల డాలర్ల నుంచి మొదలవుతుంది. 2025 ఏప్రిల్ 17న, ఆ ఫర్మానాకి సరిగ్గా 200 ఏళ్లు నిండిన రోజున, మాక్రాన్ రెండు దేశాల చరిత్రకారులతో కమిషన్ వేస్తామన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు.

మాస్టారు అడిగిన గ్యాసు బండకి నా దగ్గర జవాబు లేదు. అది దువాలియే ప్రభుత్వం చేయగలిగి కూడా చేయని పని. మొదటి పోస్టులో "నడుం అక్కడే విరిగింది" అని రాశాను, ఆ "అక్కడే" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాజ్యం రేవు దగ్గరే ఆగిపోయిందన్నది మాత్రం వదలను.

లెక్కల మాస్టారు:

మీరు ఒక మాట వెనక్కి తీసుకున్నారు, నేనూ ఒకటి ఒప్పుకుంటాను. 1960 నాటి సమాన ఆదాయం అన్న నా లెక్క అసంపూర్ణం. తలసరి ఆదాయం సమానంగా ఉన్నా బడులు, రోడ్లు, చదువుకున్నవాళ్లు సమానంగా లేరు. 1980ల దాకా బడిలో క్రెయోల్‌కి చోటే లేదు, జనమంతా మాట్లాడేది అదే అయినా. అధికార భాష హోదా వచ్చింది 1987 రాజ్యాంగంతో. ఆ లోటు 1960కి ముందుదే, అట్లాసు గారు చెప్పిన రేవు దగ్గరి రాజ్యం నుంచి వచ్చిందే.

నల్లరేగడి గారి ప్రశ్నకి ఒక సంగతి చెప్తాను. ఈశాన్య సరిహద్దులో వనామెంత్ అనే పట్నం ఉంది. పక్కన పారే నది పేరు మసాకర్, ఊచకోత నది అని. పాతకాలపు పేరే, 1937లో చాలామందిని చంపింది కూడా దాని ఒడ్డునే. ఆ నది నుంచి మైదానంలోకి కాలువ తవ్వడం 2021లో మొదలై, మొయీజ్ హత్యతో ఆగిపోయింది. 2023 ఆగస్టులో రైతులే పలుగూ పారా పట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. ప్రభుత్వం లేదు, కాంట్రాక్టరు లేడు. సిమెంటుకి విదేశాల్లో ఉన్న హైతీవాళ్లు చందాలు పంపారు. డొమినికన్ అధ్యక్షుడు అబినాడెర్ నీళ్లు మావంటూ సెప్టెంబరులో సరిహద్దు మొత్తం మూసేశాడు. వాళ్లు ఆపలేదు. "కాలువ ఆగదు" అని గోడల మీద, చొక్కాల మీద రాసుకున్నారు.

చార్లెస్ ఒడ్డు:

మాస్టారూ, ఆ చందాలకి మా హాస్పిటల్ బ్రేక్ రూములో కూడా డబ్బా పెట్టారు! అది దేనికో నాకు అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు, ఐదు డాలర్లు వేసి వచ్చేశాను.

కోనసీమ కొబ్బరాకు:

అక్కా, మాస్టారూ, ఆ కాలువ గురించి ఎక్కడ వివరంగా ఉందో చెప్పండి. వెడల్పెంత, లైనింగ్ వేశారా, తూములు ఎన్ని, చివరి చేలకి నీళ్లు అందుతున్నాయా, ఇవన్నీ నాకు కావాలి. మా కాలవకి శివారు భూముల్లో ఉన్నవాణ్ణి, ముందు నేను అడిగేది అదే.